బొమ్మల సిరీస్ అసలు కథలో భాగం కాదా? అపోహలు - వాస్తవాలు

నేను యానిమేషన్‌కు స్టోరీబోర్డులు గీస్తాను. పేరున్న సైన్స్ ఫిక్షన్ కథకు అనుబంధంగా బొమ్మల సిరీస్ వస్తే చాలు, ‘ఇది కానన్ కాదు, చూడకపోయినా ఫర్వాలేదు’ అనే మాట వినిపిస్తుంది. కానన్ అంటే హక్కుదారులు అసలైనదిగా ఒప్పుకున్న కథాక్రమం. దాని చుట్టూ అల్లుకున్న అపోహలు మంచి పనిని మరుగున పడేస్తున్నాయి.

అపోహ: యానిమేషన్ అయితే కానన్ కాదు.

వాస్తవం: బొమ్మలా, నటులా అన్నది కొలమానం కాదు. 2014లో ‘స్టార్ వార్స్’ నిర్మాణ సంస్థ లూకాస్‌ఫిల్మ్ ఆ కథల కానన్‌ను కొత్తగా నిర్ణయించినప్పుడు ఆరు సినిమాలతో పాటు ‘ది క్లోన్ వార్స్’ యానిమేషన్ సిరీస్‌ను కూడా నిలుపుకుంది. అంతకుముందు వచ్చిన నవలలను, కామిక్స్‌ను ‘లెజెండ్స్’ పేరుతో పక్కకు జరిపింది. 2003లో మొదలైన మరో ‘క్లోన్ వార్స్’ సిరీస్‌కూ ఆ చోటు దక్కలేదు. అదీ యానిమేషనే.

అపోహ: ఒకసారి కాదన్నాక ఇక తిరుగు లేదు.

వాస్తవం: అంతరిక్ష నౌక కథలు చెప్పే టీవీ సిరీస్ ‘స్టార్ ట్రెక్’ చరిత్ర చూడండి. 1973-74లో 22 భాగాలుగా దాని యానిమేషన్ సిరీస్ వచ్చింది. నటులతో తీసిన తొలి సిరీస్‌లోని వారిలో ఎక్కువమంది దీనికి గొంతునిచ్చారు. తొలి సిరీస్‌కు స్టోరీ ఎడిటర్‌గా పనిచేసిన డి.సి. ఫాంటానాయే ఇక్కడా కథల బాధ్యత చూసుకున్నారు. అయినా 1980ల చివర సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ కార్యాలయం దాన్ని కానన్ నుంచి తప్పించింది.

కానీ రచయితలు దాన్ని వదల్లేదు. కథానాయకుడు కెప్టెన్ జేమ్స్ కిర్క్ పేరులోని ‘టైబీరియస్’ ఆ యానిమేషన్ సిరీస్‌లోనే మొదట వినిపించింది. 1991 నాటి ఆరో ‘స్టార్ ట్రెక్’ సినిమాలో ఆ పేరు తెరకెక్కింది. ఎంటర్‌ప్రైజ్ నౌక తొలి కెప్టెన్‌గా అక్కడ కనిపించిన రాబర్ట్ ఏప్రిల్, 2022లో ‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ అనే కొత్త ‘స్టార్ ట్రెక్’ సిరీస్‌లో నటుడి రూపంలో వచ్చాడు. ఒక నిర్ణయంతో బయటికి వెళ్లిన కథ, తర్వాతి తరం రచయితలు దాని మీద ఆధారపడి రాయడంతో ముక్కముక్కలుగా లోపలికి వచ్చింది. అందుకే నా దృష్టిలో ప్రకటన కంటే ఈ ఆధారపడటమే బలమైన ముద్ర.

అపోహ: పిల్లల కోసం తీసినవాటిలో బరువుండదు.

వాస్తవం: ఆ ‘స్టార్ ట్రెక్’ యానిమేషన్ సిరీస్‌లోనే ఫాంటానా రాసిన ‘ఎస్టర్‌ఇయర్’ భాగం చూడండి. ‘స్టార్ ట్రెక్’ ప్రధాన పాత్రల్లో ఒకడైన స్పాక్ ఇందులో బాలుడు. అతను తనను కాపాడబోయి గాయపడిన పెంపుడు జంతువును బాధలో బతికించడమా, ప్రశాంతంగా పోనివ్వడమా అని తేల్చుకోవాలి. శనివారం ఉదయం పిల్లల కార్యక్రమాల వేళలో మరణాన్ని ఇంత నిజాయతీగా చూపించడం సాహసమే. ఆ సిరీస్‌కు 1975లో అమెరికా టీవీ రంగపు ఎమ్మీ పురస్కారం వచ్చింది.

అపోహ: మన దగ్గర ఈ చర్చే అవసరం లేదు.

వాస్తవం: 2024లో ‘కల్కి 2898 ఏడీ’ విడుదలకు ముందు ‘బుజ్జి అండ్ భైరవ’ యానిమేషన్ భాగాలు వచ్చాయి. సినిమాకు ముందు జరిగిన కథను అవి చెప్పాయి. తర్వాతి భాగాలు రాసేవారు వాటిలోని సంగతులను ఎంతవరకు వాడుకుంటారన్నదే ఇప్పుడు చూడాల్సింది.