డిస్టెన్స్‌లో బీటెక్: "యూజీసీ గుర్తింపు ఉంది సార్" అనే ప్రతి ఒక్కరికీ

పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పబట్టి పద్దెనిమిదేళ్ళు దాటింది, ఎలక్ట్రికల్ బ్రాంచి. పాత స్టూడెంట్స్ పెళ్ళిళ్ళకి పిలుస్తారు, పిల్లల ఫొటోలు పంపిస్తారు, బాగుంటుంది. జూన్, జులై వస్తే మాత్రం ఇంకో రకం ఫోన్లు. "సార్, డిప్లొమా మీద జాబ్ చేస్తున్నా, డిస్టెన్స్‌లో బీటెక్ కట్టేద్దామనుకుంటున్నా, యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉంది, వెబ్‌సైట్‌లో చూశా సార్." మనిషి మారతాడు గానీ మాట ఇదే. (యూజీసీ అంటే యూనివర్సిటీలని చూసుకునే కేంద్ర సంస్థ.) చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి రాస్తున్నా.

అపోహ: యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉంటే దాని డిస్టెన్స్ బీటెక్ చెల్లుతుంది.

చెల్లదు. బస్సుకి పర్మిట్ ఉంటే చాలదు, ఏ రూట్‌కి ఉందో కూడా చూడాలి కదా, ఇదీ అంతే. ఆ యూనివర్సిటీ బీకామ్‌కో ఎంబీఏకో డిస్టెన్స్ పర్మిషన్ తెచ్చుకుని ఉండొచ్చు, అది నిజమే కావచ్చు, కానీ బీటెక్‌ని డిస్టెన్స్‌లో గానీ పూర్తి ఆన్‌లైన్‌లో గానీ నడపడానికి మన దేశంలో ఎవరికీ వీల్లేదు, యూజీసీ 2020 రెగ్యులేషన్స్‌లో మెడిసిన్, ఫార్మసీ, నర్సింగ్‌తో పాటు ఇంజనీరింగ్‌నీ నిషేధించిన లిస్టులో పెట్టేశారు. టెక్నికల్ చదువులని చూసుకునే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ కూడా ఒప్పుకోదు.

గందరగోళం ఎక్కడొచ్చిందంటే, 2022 సెప్టెంబర్‌లో యూజీసీ ఒక నోటీసు ఇచ్చింది, డిస్టెన్స్, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానం అని. పేపర్ కటింగ్ వాట్సాప్‌లో తిరిగింది, కన్సల్టెన్సీల వాళ్ళకి పండగ. కానీ ఆ సమానం అనేది పర్మిషన్ ఉన్న కోర్సులకి. అసలు పర్మిషనే లేని బీటెక్‌కి సమానం ఎక్కడిది?

కోర్టు సంగతి కూడా వినండి. 2017 నవంబర్ 3న సుప్రీంకోర్టు ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కేసులో తీర్పిచ్చింది. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు పర్మిషన్ లేకుండా కరస్పాండెన్స్‌లో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల గొడవ అది. 2001 నుంచి 2005 మధ్య చేరినవాళ్ళ డిగ్రీలు సస్పెండ్ చేసి ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతే నిలుస్తాయన్నారు, ఆ తర్వాత చేరినవాళ్ళవి ఏకంగా రద్దు, కట్టిన ఫీజులు వెనక్కివ్వమన్నారు. ఫీజు వెనక్కొస్తుంది సరే, నాలుగేళ్ళు ఎవరిస్తారు?

మా వాడొకడు ఉన్నాడు, పేరు వద్దులే. క్లాసులో మెషీన్స్ ల్యాబ్ అంటే ముందుండేవాడు. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. ఎవడో ఏజెంటు మాట నమ్మి లక్షన్నర కట్టాడు, రాత్రి డ్యూటీలు చేసుకుంటూ నిజంగా పుస్తకాలు ముందేసుకుని చదివాడు పాపం. ఇంజనీర్ పోస్టుకి వెరిఫికేషన్ వచ్చేసరికి కంపెనీ ఆ సర్టిఫికెట్ పక్కన పెట్టేసింది. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "సార్, నేను కాపీ కొట్టలేదు సార్, చదివే పాసయ్యా" అన్నాడు. ఏం చెప్పాలో తెలీలేదు నాకు. వాడి తప్పేం లేదు, కట్టే ముందు అడగలేదు, అంతే.

ఇంకో రకం ఏజెంట్లున్నారు, "సర్టిఫికెట్ మీద డిస్టెన్స్ అని ఉండదు, రెగ్యులరే వస్తుంది, మీరు రానక్కర్లేదు" అంటారు. ఇది అపోహ కూడా కాదు, పచ్చి మోసం. నాలుగేళ్ళు ఎక్కడో వేరే రాష్ట్రంలో రెగ్యులర్‌గా చదివానని నువ్వు చూపిస్తావు, అదే నాలుగేళ్ళు ఇక్కడ పీఎఫ్ కట్ అయినట్టు నీ యూఏఎన్, అంటే పీఎఫ్ అకౌంట్ నంబరు, చూపిస్తుంది. వెరిఫికేషన్ వాడికి పది నిమిషాల పని. ఇక్కడ డిగ్రీ పోవడమే కాదు, ఉన్న ఉద్యోగమూ పోతుంది, కేసూ అవుతుంది.

మిగతావి గబగబా. ఏఎంఐఈ (కాలేజీకి వెళ్ళకుండా ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ పరీక్షలు రాసి తెచ్చుకునేది): 2013 మే 31 లోపు ఎన్‌రోల్ అయినవాళ్ళకి కేంద్రం గుర్తింపు ఉంది, మీరు అందులో ఉంటే కంగారు పడకండి, ఎన్‌రోల్‌మెంట్ లెటర్ జాగ్రత్తగా దాచుకోండి. ఇప్పుడు కొత్తగా చేరి బీటెక్‌తో సమానం అనుకుంటే కుదరదు. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ డిగ్రీ మంచిదే, కానీ అది బీఎస్, బీటెక్ కాదు, నోటిఫికేషన్‌లో బీటెక్ అడిగితే ఇబ్బందే. అమెరికాలో అబెట్ (అక్కడ ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపున్న ఆన్‌లైన్ ఇంజనీరింగ్ డిగ్రీలు నిజంగానే ఉన్నాయి, అక్కడున్న మనవాళ్ళు చేయొచ్చు, ఆ రూలు తెచ్చి ఇక్కడ అతికించకండి.

మరి జాబ్ చేసేవాడి గతేంటి అంటే, దారుంది. 2023-24 నుంచి ఏఐసీటీఈ వర్కింగ్ ప్రొఫెషనల్స్‌కి బీటెక్ పర్మిషన్ ఇస్తోంది. డిప్లొమా వాళ్ళు నేరుగా సెకండియర్‌లో చేరొచ్చు, క్లాసులు సాయంత్రాలో వీకెండ్సో ఉంటాయి, కానీ కాలేజీకి వెళ్ళాలి, ల్యాబ్ చేయాలి. ఆ కాలేజీకి, ఆ బ్రాంచికి, వర్కింగ్ ప్రొఫెషనల్స్ కేటగిరీలో పర్మిషన్ ఉందో లేదో ఏఐసీటీఈ సైట్‌లో ఆ ఏడాది లిస్టు మీరే తెరిచి చూడండి, కాలేజీ పంపిన పీడీఎఫ్ కాదు. గవర్నమెంట్ ఉద్యోగులైతే డిపార్ట్‌మెంట్ పర్మిషన్ ముందే రాతలో తీసుకోండి, ప్రమోషన్ టైంలో అదే అడుగుతారు.

మా పటాన్‌చెరు వాడు ఇప్పుడు ఈ వర్కింగ్ ప్రొఫెషనల్స్ బీటెక్‌లోనే చేరాడు, మళ్ళీ మొదటి నుంచి. మొన్న ఫోన్ చేసి మ్యాథ్స్ పోయింది సార్ అన్నాడు. ఆదివారం పుస్తకం పట్టుకుని ఇంటికి రమ్మన్నాను.