టేబుల్ ఖాళీ అయ్యేదాకా: 1991 నాటి ఒక హాస్య ఎపిసోడ్ వెనక సంగతులు

నెల్లూరులో ఫోన్ పట్టుకుని కామెడీ వీడియోలు తీసే కుర్రాళ్లకి కొదవ లేదు. ముగ్గురు స్నేహితులు మెస్సులో సీటు కోసం నిలబడి మాట్లాడుకుంటారు, అంతే కథ అని వాళ్లలో ఎవరైనా చెబితే, డబ్బులు పెట్టే మనిషి ముందుగా అడిగేది ‘ఇందులో కథేముంది?’ అని. సరిగ్గా ఈ ప్రశ్న మీదే అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్‌కీ, ‘సైన్‌ఫెల్డ్’ అనే హాస్య సీరియల్ రాసేవాళ్లకీ పెద్ద పేచీ నడిచింది. ఆ సీరియల్ రెండో సీజన్‌లోని ‘ద చైనీస్ రెస్టారెంట్’ ఎపిసోడే దానికి కారణం. మన కుర్రాళ్లు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుంటే ఎంతో పనికొస్తుంది.

ఆ సీరియల్‌లోని స్నేహితులు జెర్రీ, జార్జ్, ఎలైన్ ఒక చైనీస్ హోటల్‌కి వస్తారు. ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ సినిమా ఆ ఒక్క రాత్రే ఆడుతోంది, తినేసి ఆటకి అందుకోవాలి. టేబుల్ ఎప్పుడిస్తారని అడిగిన ప్రతిసారీ హోటలాయన ‘ఐదు, పది నిమిషాలు’ అంటాడు. వీళ్ల కళ్లముందే, వెనక వచ్చిన పాత ఖాతాదారుకి టేబుల్ దొరుకుతుంది. ఆదివారం మధ్యాహ్నం మన ఊళ్లో పేరున్న మెస్సుకి వెళ్లినవాళ్లకి ఇది బాగా తెలిసిన బాధే. చేపల పులుసు కలుపుకుంటున్న మనిషి కుర్చీ వెనకే నిలబడతాం. ఆయన ‘ఇంకొంచెం అన్నం’ అనగానే ప్రాణం ఉసూరుమంటుంది.

ఎలైన్‌కి ఆకలి ఆగదు. ఎవరో తింటున్న టేబుల్ దగ్గరికెళ్లి ప్లేట్లోంచి ఎగ్‌రోల్ తీసుకుని తింటే 50 డాలర్లిస్తానని జెర్రీ పందెం కాస్తాడు. ఆమె వెళ్తుంది. ముఖాన నవ్వు చెదరకుండా, పళ్ల మధ్య నుంచే గొణుగుతూ, తిననిస్తే సగం డబ్బు మీకేనని ఆ టేబుల్ వాళ్లతో బేరం పెడుతుంది. వాళ్లకి ఒక్క ముక్కా అర్థం కాదు. జార్జ్ బాధ ఇంకోటి, స్నేహితురాలికి ఫోన్ చేయాలి. సెల్‌ఫోన్లు లేని రోజులు, హోటల్లో ఉన్న ఒక్క పేఫోన్‌నీ వేరెవరో వదలరు. చివరికి అతని స్నేహితురాలే హోటల్‌కి ఫోన్ చేస్తే, హోటలాయన కోస్టాంజా అనే జార్జ్ ఇంటిపేరుని ‘కార్ట్‌రైట్’ చేసి కేకేస్తాడు. ఎవరూ పలకలేదని ఫోన్ పెట్టేస్తాడు. ముగ్గురూ విసిగి బయటికి వెళ్లిన మరుక్షణం ‘సైన్‌ఫెల్డ్’ అని జెర్రీ ఇంటిపేరుతో పిలుపు వస్తుంది. నా ఉద్దేశంలో హాస్య సీరియళ్లలో ఇంతకంటే సరైన ముగింపు అరుదు.

ఈ కథ సీరియల్ సృష్టికర్తలు జెర్రీ సైన్‌ఫెల్డ్ (జెర్రీ పాత్ర వేసిందీ ఈయనే), లారీ డేవిడ్‌లకి తట్టింది కూడా హోటల్లో టేబుల్ కోసం ఎదురుచూస్తున్నప్పుడే. స్క్రిప్టు చదివిన ఛానెల్‌వాళ్లు ఏమీ జరగడం లేదని, జనం చూడరని అభ్యంతరం పెట్టారు. పెద్ద మార్పులు చేయమంటే సీరియల్ వదిలి వెళ్లిపోతానని లారీ డేవిడ్ తెగేసి చెప్పాడు. దాంతో తీయడానికైతే ఒప్పుకున్నారు గానీ ప్రసారాన్ని సీజన్ చివరి దాకా జరిపి, 1991 మే 23న వేశారు. తర్వాత విమర్శకులు దాన్ని ఆ సీరియల్‌లోని మేటి ఎపిసోడ్లలో ఒకటిగా లెక్కేశారు. ఇందులో జెర్రీ పక్కింటి క్రేమర్ పాత్ర కనిపించదు. మొదట్లో ఆ పాత్రని ఇల్లు దాటని మనిషిగా అనుకోవడమే కారణం. నటుడు మైకేల్ రిచర్డ్స్‌కి ఇది కష్టం కలిగించింది, న్యాయమే.

ఒకే చోట కథ నడపడం వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. 1951 అక్టోబర్‌లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ని ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, మూడు ఫిల్మ్ కెమెరాలతో తీశారు. జనం ముందు ఆడాలంటే ఉన్న రెండు మూడు గదుల సెట్లోనే కథ నడవాలి. అంటే ఇలాంటి సిట్‌కామ్ (హాస్య సీరియల్) తీరు రంగస్థలానిదే. మన పరిషత్తు నాటికలు కూడా ఒకే ఇంటి సెట్లో కథంతా నడిపినవే. టౌన్‌హాల్లో నాటికలు చూస్తూ పెరిగిన నెల్లూరువాళ్లకి, సెట్టు మారకపోతే కథ కదలదనే మాట ఎందుకు నమ్మాలి? గుణ్ణం గంగరాజు రూపొందించి 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో నడిచిన ‘అమృతం’ కూడా హోటల్ పెట్టుకున్న ఇద్దరు స్నేహితుల కథే. అమృత విలాస్ చుట్టూనే ఎన్ని కథలు పుట్టాయో తెలుగువాళ్లకి చెప్పనక్కర్లేదు.

అయితే ఎదురుచూపు ఒక్కటే సరిపోదు. చైనీస్ హోటల్ కథలో సినిమా టైము తరుముతోంది, అందుకే ఐదు నిమిషాలు గడిస్తే మనకీ టెన్షన్. మన మెస్సు కథలో కూడా మొదటి ఆట టికెట్టో, కావలి వెళ్లే రైలో ఉంటేగానీ నిలబడ్డవాళ్ల మాటలకి వేగం రాదు. తెర వెనక ఇంత గొడవ జరిగినా, చూసేవాణ్ణి పట్టుకునేది ఈ చిన్న అమరికే.

ఛానెల్ భయం తీరాక అదే ఏడాది అక్టోబర్ 30న ‘ద పార్కింగ్ గరాజ్’ వచ్చింది. ఈసారి క్రేమర్‌తో కలిపి నలుగురూ కారు ఎక్కడ పెట్టారో మర్చిపోయి ఎపిసోడంతా వెతుకుతారు. స్క్రిప్టు ప్రకారం చివర్లో కారు ఎక్కి వెళ్లిపోవాలి. షూటింగులో ఆ కారు నిజంగానే స్టార్ట్ కాలేదు. లోపల నటులు నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతుంటే కెమెరా ఆపలేదు, ముగింపుగా దాన్నే ఉంచేశారు.