ఓవర్‌డ్రైవ్ పెడల్: స్టేజీ మీద నిలవని నమ్మకాలు

ఓవర్‌డ్రైవ్ పెడల్ అంటే గిటార్‌కీ ఆంప్‌కీ (యాంప్లిఫయర్‌కీ) మధ్య పెట్టి, శబ్దాన్ని గరుకుగా చేసే చిన్న పెట్టె. అందులో డ్రైవ్ నాబ్ గరుకుదనాన్ని, లెవెల్ నాబ్ సౌండ్‌ని పెంచుతాయి.

అపోహ: సోలో వినపడకపోతే డ్రైవ్ పెంచాలి.

లైవ్‌లో అన్నిటికన్నా ఎక్కువ చెడుపు చేసేది ఇదే. డ్రైవ్ నాబ్ తిప్పే కొద్దీ ప్రధానంగా పెరిగేది సౌండ్ కాదు, క్లిప్పింగ్, అంటే సిగ్నల్ పైకొనలు కోసుకుపోవడం. గట్టిగా మీటిన నోటుకీ మెల్లగా మీటిన నోటుకీ తేడా తగ్గిపోతుంది, పిక్ తగిలిన క్షణం మసకబారుతుంది. డ్రమ్స్, బేస్, కీబోర్డు కలిసి మోగుతున్నప్పుడు జనం చెవి పట్టుకునేది ఆ క్షణాన్నే. అందుకే నేను, నాబ్‌ని గడియారం ముల్లులా చూస్తే, డ్రైవ్ 9 గంటల దగ్గర, లెవెల్ 2 గంటల దగ్గర పెట్టి మొదలుపెడతాను. అవసరమైతే అక్కడి నుంచి కొద్దికొద్దిగా కదుపుతాను.

ఆంప్ క్లీన్‌గా ఉంటేనే ఈ లెక్క పనిచేస్తుంది. ఆంప్ అప్పటికే డిస్టార్ట్ అవుతుంటే పెడల్ లెవెల్ పెంచినా వచ్చేది ఇంకాస్త డిస్టార్షనే. అప్పుడు సోలో బూస్ట్‌ని ప్రీ-ఆంప్ తర్వాత, అంటే ఎఫెక్ట్స్ లూప్‌లో (ప్రీ-ఆంప్‌కీ పవర్ ఆంప్‌కీ మధ్య పెడల్స్ కలిపే జాక్‌లలో) పెట్టాలి.

అపోహ: ఇంట్లో అదిరిన టోన్ స్టేజీ మీదా అదురుతుంది.

తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. అందుకని ఇంట్లో ఆ రెండూ పెంచి, వాటి మధ్యలో ఉండే మిడ్ తగ్గిస్తాం. స్టేజీ వాల్యూమ్‌లో అదే సెట్టింగ్‌తో వాయిస్తే గిటార్ కింది భాగం బేస్ గిటార్‌తో, కిక్ డ్రమ్‌తో కలిసిపోతుంది. మిగలాల్సిన మిడ్ ఉండదు. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టుంటుందని చాలామంది పక్కన పెడతారు. ఆ పెడల్ బేస్‌ని కోసి, దాదాపు 720 హెర్ట్జ్ చుట్టుపక్కల మిడ్‌ని ముందుకు తోస్తుంది. బ్యాండ్‌లో ఆ ముక్కు గొంతే గిటార్‌కి చోటు చేసిపెడుతుంది. అమెరికన్ బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ వాడిన పెడల్ కూడా ఇదే. దయచేసి టోన్‌ని బ్యాండ్ మొత్తం వాయిస్తుండగా సెట్ చేసుకోండి, ఒక్కరే కూర్చుని కాదు.

అపోహ: ట్యూబ్ స్క్రీమర్ పాత మోడల్ టీఎస్808, అందులోని జేఆర్‌సీ4558 చిప్ ఉంటేనే అసలు సౌండ్.

808కీ, 1982లో వచ్చిన టీఎస్9కీ సర్క్యూట్‌లో ముఖ్యమైన తేడా అవుట్‌పుట్ దగ్గరి రెండు రెసిస్టర్లు. క్లిప్పింగ్ జరిగేది డయోడ్ల వల్ల. చిప్ మారిస్తే తేడా ఉండొచ్చు గానీ, హాల్లో డ్రమ్స్ మధ్య దాన్ని పట్టుకోవడం చాలా కష్టం. ఆ డబ్బుతో మంచి పవర్ సప్లై కొనుక్కోవడం మేలు.

అపోహ: ట్యూబ్ ఆంప్ లేకపోతే ఓవర్‌డ్రైవ్ దండగ.

రోలాండ్ జేసీ-120 పూర్తిగా ట్రాన్సిస్టర్ ఆంప్. దాని ముందు బాస్ కంపెనీ ఓవర్‌డ్రైవ్ పెడల్స్ ఎస్‌డీ-1 గానీ బ్లూస్ డ్రైవర్ గానీ పెట్టి హాయిగా షో చేయొచ్చు, ఎందుకంటే క్లిప్పింగ్ పెడల్‌లోనే జరుగుతుంది. ఆ ఆంప్ ట్రెబుల్ కాస్త గుచ్చుతుంది కాబట్టి పెడల్ టోన్ నాబ్‌ని ఇంట్లో కన్నా తగ్గించాలి, అంతే.

అపోహ: ఏ అడాప్టరైనా ఒకటే.

ఈ పెడల్స్‌లో ఎక్కువ శాతం 9 వోల్టులు, మధ్య పిన్ నెగటివ్. డిజిటల్ డిలేతో (ప్రతిధ్వని ఇచ్చే పెడల్‌తో) కలిపి ఒకే వైరు నుంచి పవర్ ఇస్తే సన్నటి కూత రావచ్చు, ఓవర్‌డ్రైవ్ దాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. ప్రతి పెడల్‌కీ విడి అవుట్‌పుట్ ఇచ్చే ఐసోలేటెడ్ సప్లై వాడండి. అది లేకపోతే కనీసం ఓవర్‌డ్రైవ్ ఒక్కదాన్ని బ్యాటరీ మీద నడపండి, షో అయ్యాక ఇన్‌పుట్ జాక్‌లోంచి కేబుల్ తీసేయండి. అది గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.