మాంట్ సెయింట్ మిషెల్: రోడ్డు కంటే ముందు ఆనకట్టను చూడాలి

ఫ్రాన్స్ తీరంలోని మాంట్ సెయింట్ మిషెల్ దీవి ఇరుకు వీధిలో జనం తోసుకుంటున్న వీడియోలు మళ్లీ ఫోన్లలో తిరుగుతున్నాయి. దాంతో హైదరాబాద్‌లో జాగ్రఫీ చెప్పే టీచర్ల మధ్య పాత వాదన లేచింది: పర్యాటక నిర్వహణకు మాంట్ సెయింట్ మిషెల్ మంచి ఉదాహరణా, కాదా? 708లో బిషప్ కట్టించిన ఆలయం, 1979 నాటి యునెస్కో గుర్తింపు ప్రతి నోట్సులోనూ ఉన్నవే, వాటిని వదిలేద్దాం.

దీవి చుట్టూ ఒండ్రు పేరుకుపోవడానికి మన క్లాసుల్లో, తీరం నుంచి దీవికి వేసిన 1879 నాటి కట్ట రోడ్డునే దోషిగా నిలబెడతారు. అది నీటికి అడ్డుపడిన మాట నిజమే. కానీ అసలు మలుపు 1969. పోటు నీళ్లు పొలాల మీదికి రాకుండా ఆ ఏడాది, దీవి దగ్గర సముద్రంలో కలిసే క్వెనో నది మొగలో ఆనకట్ట కట్టారు. అంతకుముందు పోటు నదిలోకి ఎగదన్ని, పాటుతో తిరిగిపోతూ ఒండ్రును ఊడ్చుకెళ్లేది. ఆనకట్టతో ఆ ఊడ్పు పోయింది. ఒండ్రు తెచ్చేది సముద్రం, తీసుకెళ్లాల్సింది నది. పిల్లలు ఎక్కువగా దీన్ని తిరగేసి రాస్తారు.

2009 నుంచి పనిచేస్తున్న కొత్త ఆనకట్టకు ఎనిమిది తలుపులు. పోటు మొదట్లో మూసే ఉంచుతారు, ముందొచ్చే నీళ్లలోనే ఒండ్రు ఎక్కువ కాబట్టి. తర్వాత తలుపుల మీదుగా నీటిని లోపలికి రానిచ్చి, నిండాక ఆపేస్తారు. పోటు పతాక స్థాయికి వచ్చిన ఆరు గంటలకు, సముద్రం వెనక్కి తగ్గాక వదులుతారు.

ఆ ఆరు గంటలు ఎందుకో ట్రేలో చూపించవచ్చు. మధ్యలో రాయి, చుట్టూ జల్లించిన చెరువు మట్టి, ఒక చివర అట్టముక్క అడ్డుపెట్టి దాని వెనక గ్లాసెడు నీళ్లు. ట్రే నిండుగా ఉన్నప్పుడు అట్ట తీస్తే నీళ్లు ఊరికే పరుచుకుంటాయి. ట్రేను వంచి నీరు తగ్గాక తీస్తే రాయి పక్కన కాలువ కోసుకుపోతుంది. ఇల్లు కట్టడానికి తెచ్చిన ఇసుక వాడకండి, గింజ పెద్దది, వెంటనే అడుగున కూర్చుంటుంది.

రోడ్డు వంతు ఆ తర్వాతే వచ్చింది. 2012లో పార్కింగ్‌ను రెండున్నర కిలోమీటర్ల దూరానికి జరిపి షటిల్ బస్సులు పెట్టారు. 2014లో ఆర్కిటెక్ట్ డీట్మార్ ఫైష్టింగర్ రూపొందించిన, స్తంభాల మీద నిలిచే వంతెన తెరిచారు. పాత కట్టను తవ్వేశారు. పార్కింగ్ ఖర్చు, నడక దూరం గురించి విమర్శలు వచ్చాయి. బస్సు ఎక్కే చోటికే దాదాపు 900 మీటర్లు నడిపించారు మరి. తర్వాత ఆ చోటును దగ్గరికి జరిపారు.

ఇదంతా నీటి కోసం చేసిన పని, జనాన్ని తగ్గించడానికి కాదు. మన హుస్సేన్ సాగర్ బుద్ధుడి దగ్గరికి పడవ ఎంతమందిని మోస్తే అంతమందే వెళ్తారు. వంతెనకు అలాంటి హద్దు లేదు. అందుకే వీధి కిక్కిరిసిందని ప్రాజెక్టు విఫలమైందనే జవాబుకు మార్కులు వేయడం సరికాదు. ఒండ్రు తగ్గిందా అన్నది ఒక ప్రశ్న, రోజుకు ఎందరిని రానివ్వాలన్నది వేరే ప్రశ్న. రెంటినీ పేపర్లో విడివిడిగా అడగాలి, మొదటిదానికి 1969 ముందు, 2009 తర్వాత నది పటాలు రెండూ పక్కపక్కన ఇచ్చి.