రెప్పలు లెక్కపెట్టాను

టి.నగర్, చెన్నై

చిన్నోడా, బుజ్జీ,

పోయిన వారం మీరు ఇక్కడున్నప్పుడు మీకు చెప్పకుండా ఒక దొంగపని చేశాను. చిన్నోడు సోఫాలో కార్టూన్ చూస్తుంటే పక్కన కూర్చుని వాడి కనురెప్పలు లెక్కపెట్టాను. మామూలుగా మనం నిమిషానికి ఇంచుమించు 15 సార్లు రెప్ప వేస్తాం. వాడు వేసింది 5. చేతిలో పెసరట్టు ముక్క నోటిదాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది, అల్లప్పచ్చడి చొక్కా మీద కారుతోంది, అయ్యగారికి ఆ సంగతే తెలీదు. అమ్మమ్మ మూడుసార్లు పిలిచింది. తర్వాత "వినపళ్లేదు తాతయ్యా" అన్నాడు. అబద్ధం కాదురా, నిజంగానే వినపడి ఉండదు, మనసు ఒకచోట అంతగా అతుక్కుపోతే చెవులు పనిచేయవు. రెప్ప పడకపోతే కన్ను ఆరిపోతుంది, సాయంత్రం కళ్లు మంట అని నలుపుకున్నది అందుకే.

తిట్టడానికి రాయట్లేదు. మేమేం తక్కువ తిన్నామా! మద్రాసులో దూరదర్శన్ 1975లో మొదలైంది. మా వీధి మొత్తానికి ఒక్కరింట్లోనే చెక్క షట్టరున్న నలుపు తెలుపు టీవీ ఉండేది. శుక్రవారం సాయంత్రం 'ఒళియుమ్ ఒలియుమ్' అని సినిమా పాటలు వేసేవాళ్లు, అరవ్వాళ్లూ తెలుగువాళ్లూ అని లేకుండా పిల్లలందరం ఆ ఇంటి గచ్చు మీద ఒకళ్ల ఒళ్లో ఒకళ్లం కూర్చునేవాళ్లం. పాటలు అయిపోగానే ఆ ఇంటి అత్తయ్యగారు షట్టరు బర్రున లాగి తాళం వేసేసేవారు, మేం మళ్లీ వీధిలోకి. అంటే, చాలు అని చెప్పే పని మాకు లేదు, టీవీయే ఆగిపోయేది. మీ టీవీ ఆగదు, ఒక ఎపిసోడ్ అయ్యేలోపే ఇంకోటి తనంతట తనే మొదలవుతుంది. ఆపే పని ఎనిమిదేళ్లవాడి మీద పడింది, పెద్దవాళ్లకే చేతకాని పని.

దెబ్బలాట కార్టూన్లు చూస్తే పిల్లలు రౌడీలైపోతారని కొందరంటారు, నేను అంత దూరం పోను. 1961లో ఆల్బర్ట్ బండూరా అనే ఆయన అమెరికాలో ఒక ప్రయోగం చేశాడు. గాలి బొమ్మను పెద్దవాళ్లు బాదుతుంటే చూసిన పిల్లలు తర్వాత తామూ అలాగే బాదారు, తర్వాత ఇంకో ప్రయోగంలో అదే సినిమాగా చూపించినా అంతే. ఆ బొమ్మ ఉన్నదే కొట్టడానికి కదా అని ఎదురు ప్రశ్న వేసినవాళ్లూ ఉన్నారు. సోఫా మీంచి ఎగిరి దిండుని గుద్దే చిన్నోడిని చూస్తే మాత్రం నాకు ఆ బొమ్మే గుర్తొస్తుంది.

ప్రకటనల సంగతి బుజ్జికి బాగా తెలియాలి. ఆ పాలపొడి తాగితే పొడుగవుతానని నాతో పేచీ పెట్టింది నువ్వే కదమ్మా. మరీ చిన్నపిల్లలకి అది అమ్ముకోడానికి చెప్పే మాటని తట్టదు, ప్రకటనలవాళ్లకి దొరికేదే ఆ వయసు పిల్లలు.

నాకు అన్నిటికంటే బెంగ మీ పిన్ని కూతురు పాపాయి గురించి. ఏడాది నిండని పిల్లలకి స్క్రీనే వద్దని, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకి రోజుకి గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పాపాయి చూడకపోయినా సరే, హాల్లో టీవీ మోగుతుంటే ఇంట్లో పెద్దవాళ్లు పాపతో మాట్లాడేది తగ్గిపోతుంది. మొన్న అమ్మమ్మ "అత్త... అత్త..." అంటుంటే పాపాయి ఆవిడ పెదాల్నే చూస్తూ, తన పెదాలు కూడా అలాగే కదిపి, ఉఫ్ అని చొంగ ఊదింది. టీవీలో బొమ్మ ఎన్నిసార్లు అన్నా, పాప నోరు తిప్పేదాకా ఆగి, నవ్వి, మళ్లీ అనదు కదా.

రాత్రి పడుకోబోయే ముందు టీవీ మాత్రం కట్టేయండి, ఆ వెలుతురుకి నిద్ర దూరమవుతుంది, పొద్దున స్కూలు వ్యాను దగ్గర ఏడుపులు.

ఈసారి వచ్చినప్పుడు నేను క్రికెట్ చూస్తుంటే మీరిద్దరూ నా రెప్పలు లెక్కపెట్టండి. చివరి ఓవర్లో అయితే 5 కూడా ఉండవని అమ్మమ్మ ఇప్పటినుంచే పందెం కాస్తోంది.

మీ
తాతయ్య