ఫోన్ తడిస్తే బియ్యం డబ్బా జోలికి పోకండి

మా ఒడిశా బరంపురంలో ఫోన్లు రిపేర్ చేసే ఎవరినైనా అడగండి, కార్తీక పౌర్ణమి మర్నాడు షాపు తెరిచేసరికి మెట్ల మీద మనుషులు కూర్చుని ఉంటారని చెబుతారు. ముందురోజు తెల్లవారుజామున ఊరంతా చెరువు గట్ల మీదే ఉంటుంది. ఒక చేత్తో అరటి దొప్ప పడవలో దీపం వదులుతూ ఇంకో చేత్తో వీడియో తీస్తుంటారు. నాచు పట్టిన మెట్టు మీద కాలు జారుతుంది, అంతే. అక్కడి నుంచి సీజన్ మొదలు. వనభోజనాలు, గోపాల్‌పూర్ సముద్రం, తప్తపాణి వేడినీటి బుగ్గ, కుర్రాళ్లయితే బైకులేసుకుని మహేంద్రగిరి, దేవమాలి కొండలు. ఎండలు ముదిరేదాకా నా బల్ల మీద తడిసిన ఫోన్లే.

క్యారీబ్యాగ్‌లోంచి ఫోన్ తీస్తారు. దాంతోపాటు నాలుగు బియ్యపు గింజలు బల్ల మీద రాలతాయి. "రెండు రోజులు బియ్యంలో ఉంచాం భయ్యా. మధ్యలో చార్జింగ్ పెట్టి చూశాం. కొంచెం వేడెక్కింది, ఆ తర్వాత ఏమీ రాలేదు." ఇది విన్నప్పుడల్లా తల పట్టుకోవాలనిపిస్తుంది. కోపం వాళ్ల మీద కాదు. పాతిక వేలు పెట్టి కొన్న వస్తువు నీళ్లలో పడితే ఎవరికైనా చేతులు వణుకుతాయి, ఎవరేం చెబితే అది చేస్తారు. ఈ చిట్కాని గ్రూపు గ్రూపుకీ పంపేవాళ్లు దొరికితే మాత్రం నాలుగు మాటలు అడగాలనుంది.

అపోహ: బియ్యం ఫోన్‌లో నీటిని పీల్చేస్తుంది

పీల్చదు. బయట తడిని తువ్వాలు తుడుస్తుంది. లోపలి నీళ్లు సర్క్యూట్ బోర్డు మీద, ఐసీలు అనే చిప్పుల కింద, వాటిని కప్పే లోహపు షీల్డుల లోపల ఉంటాయి. అక్కడికి బియ్యం చేరదు. ఆ నీటి ఆవిరి చార్జింగ్ జాక్ దాకా వచ్చి బియ్యంలోకి వెళ్లాలంటే, ఫోన్‌ని గాలి ఆడే చోట పెట్టినా అంతే పని జరుగుతుంది. పైగా బియ్యపు పిండి జాక్‌లోకి దూరి తడికి ముద్దవుతుంది. దాన్ని సూదితో గీకడం మళ్లీ నా పనే. ఆపిల్ కంపెనీ కూడా తన సహాయ సూచనల్లో తడిసిన ఐఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దనే రాసింది.

"మా బావమరిది ఫోన్ బియ్యంలో పెడితే బతికింది కదా" అంటారు. బతికే ఉంటుంది. కొన్నిసార్లు నీళ్లు బోర్డు దాకా వెళ్లవు. అలాంటి ఫోన్‌ని కందిపప్పులో పెట్టినా బతికేది.

అసలు నష్టం బియ్యంతో కాదు, ఆ రెండు రోజులతో. ఫోన్ ఆపేసినా బ్యాటరీ బోర్డుకి కలిసే ఉంటుంది. ఇప్పటి ఫోన్లలో పాతవాటిలా వెనక మూత తీసి బ్యాటరీ లాగేసే వీలు లేదు కదా. నీళ్లు ఉండి, కరెంటు ఉంటే రాగి లైన్లు కరగడం మొదలవుతుంది. బోర్డు తెరిస్తే పచ్చగా, తెల్లగా పొడి పట్టి కనిపిస్తుంది. చెరువు నీళ్లకే ఇలా ఉంటే, ఉప్పునీళ్లు కరెంటుని ఇంకా బాగా మోస్తాయి, ఆరిపోయాక ఉప్పు అక్కడే మిగులుతుంది, గాలిలో తేమ తగలగానే మళ్లీ పని మొదలెడుతుంది. గోపాల్‌పూర్‌లో తడిసిన ఫోన్ "బాగయిపోయింది" అని రెండు వారాలు వాడి, మూడో వారం చచ్చిందని తెచ్చేవాళ్లు ఇందుకే వస్తారు.

ఇంక చార్జింగ్. అందరూ "బతికుందో లేదో చూద్దామని" పెడతారు. తడి బోర్డులోకి చార్జర్ కరెంటు వెళ్లగానే ఎక్కడో ఒక లైను షార్ట్ అవుతుంది, కరెంటుని పంచే పవర్ ఐసీ కాలుతుంది. శుభ్రం చేస్తే సరిపోయే సెట్టు అక్కడితో డెడ్ సెట్టు. ఫోన్ వేడెక్కిందంటే అది కాలుతున్నట్టు. హెయిర్ డ్రయ్యర్ పట్టేవాళ్లది ఇంకో రకం. ఆ గాలికి జాక్ దగ్గరి నీళ్లు లోపలికి పోతాయి, వేడికి డిస్‌ప్లే చుట్టూ ఉన్న గమ్ వదులుతుంది.

ఏం చేయాలో చెబుతాను. వెంటనే పవర్ ఆపేయండి. ఆగిపోయి ఉంటే ఆన్ చేసి చూడకండి. కవరు, సిమ్ ట్రే తీసేయండి. జాక్ కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టండి, విదిలించకండి. నీటికి తట్టుకునే రకం ఫోన్ సముద్రంలో పడితే, ఆపేశాక మంచినీళ్లతో పైపైన కడిగి తుడవండి. మామూలు ఫోన్‌ని కడగొద్దు. ఆ తర్వాత అదే రోజు రిపేర్ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. నా దగ్గరికే రమ్మని కాదు. అడగాల్సింది ఒక్కటే: "బోర్డు బయటికి తీసి కడుగుతారా?" బ్యాటరీ కనెక్టర్ పీకి, షీల్డులు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి, అవసరమైతే ధ్వని తరంగాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ మెషిన్‌లో వేస్తారు. "హీటర్ కింద పెట్టి ఆరబెడతాం" అంటే ఇంకో షాపు చూసుకోండి.

అపోహ: బోర్డు పోయినా మెమరీ చిప్ తీసి ఫొటోలు తెప్పించొచ్చు

ఈ మాట చెప్పాలనే నిజానికి ఈ పోస్టు మొదలుపెట్టాను.

పోయిన సీజన్‌లో రాయగడ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మనవలతో సముద్రానికి వచ్చి, అలలో ఫోన్ తడిపి, ఇంటికెళ్లి బియ్యంలో పెట్టి, రోజూ రాత్రి చార్జింగ్ పెట్టి చూశారట. బోర్డు తెరిచాను. ప్రాసెసర్ పక్కన నల్లగా మాడిపోయి ఉంది. "ఫోన్ పోతే పోయింది బాబూ, మా ఆవిడ ఫొటోలు అందులోనే ఉన్నాయి" అన్నారు. ఆవిడ అంతకు ముందు ఏడాదే పోయారు. అప్పటికే ఇంకో ఊళ్లో ఎవరో చిప్ తీసి వేరే ఫోన్‌లో పెట్టి ఫొటోలు తెస్తామని ఆయన దగ్గర అడ్వాన్స్ తీసుకున్నారు.

ఆ పని ఒకప్పుడు కుదిరేది. ఇప్పుడు కుదరదు. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్ల నుంచి లోపలి మెమరీని ఎన్‌క్రిప్ట్ చేయడం, అంటే తాళంచెవి లేనిదే ఎవరూ చదవలేని రూపంలో దాచడం, తప్పనిసరి. ఐఫోన్లలో అంతకు చాలా ముందు నుంచే ఉంది. ఆ తాళంచెవి ఆ ఫోన్ ప్రాసెసర్‌తో, మీ లాక్ పిన్‌తో ముడిపడి ఉంటుంది. మెమరీ చిప్ ఒక్కటే పీకి వేరే బోర్డు మీద అతికిస్తే చదవడానికి ఏమీ రాదు, అర్థంలేని అక్షరాలే. ఫొటోలు కావాలంటే ఆ బోర్డే, ఆ ప్రాసెసర్‌తోనే, ఒక్కసారైనా లేవాలి. అందుకే చార్జింగ్ పెట్టొద్దని అంతగా మొత్తుకునేది. డిస్‌ప్లే పోతే కాంబో (టచ్, డిస్‌ప్లే కలిపిన సెట్టు) మారుస్తాం, బ్యాటరీ పోతే బ్యాటరీ మారుస్తాం, ప్రాసెసర్ కాలితే ఎవరూ ఏమీ చేయలేరు. చేస్తామని అడ్వాన్స్ అడిగేవాళ్లని నమ్మకండి.

ఆయన విషయంలో కొంత అదృష్టం కలిసొచ్చింది. కొన్ని ఫొటోలు మెమరీ కార్డులో ఉన్నాయి. కార్డుని మామూలుగా వాడితే ఈ తాళం గొడవ ఉండదు, తుడిచి రీడర్‌లో పెడితే తెరుచుకుంది. ఇప్పుడొచ్చే ఫోన్లలో కార్డు పెట్టే చోటు కూడా తీసేస్తున్నారు.

"బ్యాకప్ ఆన్‌లోనే ఉంది" అంటారు చాలామంది. ఆన్‌లోనే ఉంటుంది, పని చేయదు. చాలా ఫోన్లలో గూగుల్ ఫొటోస్ వైఫై దొరికితేనే పైకి పంపేలా ఉంటుంది. మన ఇళ్లలో వైఫై ఎంతమందికి ఉంది? మొబైల్ డేటాతోనే నడిపేవాళ్ల ఫొటోలు వైఫై కోసం ఏళ్ల తరబడి క్యూలో ఎదురుచూస్తుంటాయి. సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాతో బ్యాకప్‌కి రోజుకింత అని అనుమతి ఇవ్వొచ్చు, ఇవ్వండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల ఫోల్డరు విడిగా ఉంటుంది, దాన్ని మీరే ఆన్ చేయాలి. అమెరికా నుంచి పిల్లలు పంపే ఫొటోలన్నీ ఆ ఫోల్డరులోనే ఉంటాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్ కూడా సర్దుకోవాలి. నిండితే బ్యాకప్ ఆగిపోతుంది. నోటిఫికేషన్ వస్తుంది, మనం దాన్ని పక్కకి తోసేస్తాం. అదీ వద్దంటే నెలకోసారి ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, అదైనా నయమే.

అపోహ: ఐపీ68 అంటే వాటర్‌ప్రూఫ్, సముద్రంలో దిగొచ్చు

ఐపీ అంటే దుమ్ముకీ నీటికీ ఫోన్ ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. 7 అయితే 1 మీటరు లోతులో 30 నిమిషాలు. 8 అంటే అంతకన్నా ఎక్కువ, కానీ ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ ఇష్టం. ఐఫోన్ 15కి 6 మీటర్లు, 30 నిమిషాలు అని రాస్తారు. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కి 1.5 మీటర్లు, 30 నిమిషాలు. రెండింటి రేటింగూ ఐపీ68 అనే చెబుతారు. పరీక్ష జరిగేది ల్యాబ్‌లో, కదలని మంచినీటిలో, కొత్త ఫోన్ మీద. గోపాల్‌పూర్ అల ఊరికే నిలబడే నీరు కాదు, మనిషినే పడేస్తుంది. నీటిలో ముంచే పరీక్ష పాసయిన ఫోన్ జోరుగా కొట్టే నీటిధారకి తట్టుకోవాలని ఆ ప్రమాణంలో కూడా లేదు, దానికి వేరే అంకె ఉంది.

ఒకసారి డిస్‌ప్లే మార్చిన ఫోన్‌కి, వెనక గ్లాసు పగిలిన ఫోన్‌కి ఆ అంకె చెల్లదనుకోండి. నేనే కొత్త గమ్ వేసి మూసినా ఫ్యాక్టరీలో ఉన్నట్టు ఉండదు, నా కస్టమర్లకి ముందే చెబుతాను. వారంటీ మీద కూడా ఆశ పెట్టుకోకండి. లోపల చిన్న తెల్ల స్టిక్కరు ఉంటుంది, నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. సర్వీస్ సెంటర్‌లో ముందు చూసేది దాన్నే.

గోపాల్‌పూర్, ఆర్యపల్లిల్లో చేపలు పట్టే నోళియా వాళ్లని చూడండి. మన తెలుగువాళ్లే, తరతరాలుగా ఆ సముద్రం మీదే బతుకు. ఏ ఐపీ అంకెనీ నమ్మరు. ఫోన్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి, ముడేసి, దాన్ని మళ్లీ మూత గట్టిగా పట్టే డబ్బాలో పెడతారు. వాళ్లలో ఉప్పునీళ్లకి చెడిన ఫోన్ తెచ్చేవాళ్లు తక్కువ, పిక్నిక్‌కి వచ్చినవాళ్లే ఎక్కువ.

మిగతావి గబగబా

"సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పని చేయదు." చేస్తుంది. ఫోన్ ఉపగ్రహాల నుంచి సిగ్నల్ అందుకుంటుంది, దానికి సిమ్‌తో పని లేదు. సముద్రం మీదికెళ్లే పడవల్లో జీపీఎస్ పెట్టెకి ఏ సిమ్ వేస్తున్నారు? నెట్ లేకపోతే మ్యాప్ బొమ్మ రాదు, చోటు దొరకడానికి మొదటిసారి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. మహేంద్రగిరికి బయల్దేరే ముందు ఇంట్లోనే ఆ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి.

"20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ అంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్‌కి నాలుగు సార్లు." రాదు. ఆ 20,000 లోపలి సెల్స్‌కి, 3.7 వోల్టుల దగ్గర చెప్పే లెక్క. బయటికి 5 వోల్టులు చేయడంలో కొంత పోతుంది, ఫోన్‌లోకి ఎక్కించడంలో ఇంకొంత. మూడుసార్లు నిండితే మంచి పవర్‌బ్యాంక్ కొన్నట్టే. వెనక సన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని, నిజంగా బయటికి ఇచ్చేదెంతో ఉంటుంది, అది చూసి కొనండి. 50,000 అని రాసి 600 రూపాయలకి అమ్మేది మాత్రం బరువు కోసం కూడా కొనకండి. తుపాను హెచ్చరిక వచ్చాక పవర్‌బ్యాంక్ కొనడానికి పరిగెత్తేవాళ్లకి దొరికేది అదే. 2013లో ఫైలిన్ వచ్చి వెళ్లాక కరెంటు లేని ఆ రోజులు ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు, అయినా ముందుగా కొనరు.

"50 మీటర్ల వాచీతో ఎక్కడైనా దిగొచ్చు." ఆ 50 మీటర్లు నీటి ఒత్తిడి లెక్క, అంత లోతుకి దూకమని కాదు. తప్తపాణి వేడినీళ్లలో అసలే వద్దు. వేడికి సీలు వదులవుతుంది.

"మిలిటరీ గ్రేడ్" అంటే సైన్యం వాడేదని కాదు. అమెరికా రక్షణ శాఖ పరీక్షల పుస్తకంలోంచి తమకి నచ్చిన కొన్ని పరీక్షలు కంపెనీయే చేసుకుని వేసుకునే ముద్ర.

నా షాపులో టార్చీలు, టెంట్లు కూడా ఉంటాయి గానీ, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడ్డానికి వెయ్యి ల్యూమెన్ల జోరు వెలుగు టార్చి అడిగే కుర్రాళ్లకి నేను అమ్మను. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగు ఎటుంటే అటే పోతాయి, సముద్రం వదిలేసి మీ వైపు నడుస్తాయి. ఎర్ర లైటు ఉన్న హెడ్‌ల్యాంప్ తీసుకోండి, అదీ నేల వైపు, ఫారెస్టు వాళ్లు ఒప్పుకున్న చోటే.

దేవమాలి మీద టెంటు వేసుకుని, పొద్దున లోపలంతా తడిగా ఉందని, డూప్లికేట్ సరుకు అమ్మారని గొడవకొస్తారు. టెంటు కారలేదు. రాత్రంతా మీరు వదిలిన ఊపిరి చల్లటి గుడ్డకి తగిలి నీరయింది. పైన కిటికీలు తెరిచి పడుకోండి. ఇక వాటర్‌ప్రూఫ్ బూట్లు. కొరాపుట్ వానలో నీళ్లు పైనుంచి దిగుతాయి, బయటికి పోవు, రోజంతా లోపలే ఉంటాయి. వానాకాలానికి నీళ్లు కారిపోయే మామూలు బూట్లు, రెండు జతల సాక్సులు చాలు. ఆ మిగిలిన డబ్బుతో ఫోన్‌కి మంచి డ్రై పౌచ్ (నీళ్లు చొరని సంచి) కొనండి.