మాస్కు వెనుక నలుగురు: ‘ఫాంటమ్’ ముప్పై అయిదేళ్ల కథ

2023 ఏప్రిల్ 16, ఆదివారం సాయంత్రం. న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేలోని మెజెస్టిక్ థియేటర్‌లో ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ చివరిసారి ఆడింది. అది 13,981వ ప్రదర్శన. 1988 జనవరి 26న మొదలై, కోవిడ్ రోజులు మినహాయిస్తే, వారానికి ఎనిమిది ఆటల లెక్కన అదే హాల్లో ఆడుతూ వచ్చిన సంగీత నాటకం అది. బ్రాడ్‌వేలో అంతకాలం ఆడింది మరొకటి లేదు. ఆ రోజు ఫాంటమ్ వేషం కట్టాల్సిన బెన్ క్రాఫర్డ్‌కు ఒంట్లో బాగోలేదు. బదులుగా లెయిర్డ్ మాకింటాష్ ఆ వేషం కట్టారు. ఆట అయ్యాక నిర్మాత కామెరాన్ మాకింటాష్, స్వరకర్త ఆండ్రూ లాయిడ్ వెబ్బర్ వేదికెక్కారు. వెబ్బర్ కొడుకు నికొలస్ చనిపోయి అప్పటికి మూడు వారాలే. ఆయన ఆ ఆటను కొడుక్కి అంకితమిచ్చారు. ఆ వేదిక మీద ఉండాల్సిన మరో ముగ్గురు మాత్రం ఫొటోల్లోనే కనిపించారు: దర్శకుడు హాల్ ప్రిన్స్, రంగాలంకరణ, దుస్తులు చేసిన మరియా బ్యోర్న్‌సన్, నృత్యం కూర్చిన గిలియన్ లిన్.

‘ఫాంటమ్’ అనగానే చాలామందికి ఆర్గాన్ మోత, తెల్ల మాస్కు, వెబ్బర్ పేరు గుర్తొస్తాయి. అది సగం సంగతే. పద్యనాటకాలు చూస్తూ పెరిగిన నాకు, ఒక నాటకం ఇన్నేళ్లు నిలబడిందంటే పాట ఒక్కదానివల్ల అయ్యే పని కాదని తెలుసు. దీన్ని నిలబెట్టింది నలుగురి చేతిపని. ఆ నలుగురిలో ముగ్గురు పోయాక, మిగిలిన నాటకాన్ని ఎలా ఆడాలన్నదే ఇవాళ్టి తగవు. ఆ తగవు అర్థం కావాలంటే మొదటి నుంచీ చెప్పుకోవాలి.

గాస్టన్ లెరూ అనే ఫ్రెంచి పాత్రికేయుడు 1909లో ఒక పత్రికలో సీరియల్‌గా రాసి, 1910లో పుస్తకంగా తెచ్చిన నవల దీనికి మూలం. పారిస్ ఒపెరా భవనం కింద నిజంగానే నీళ్ల గది ఉంది. పునాదులు తవ్వినప్పుడు ఊరిన నీటిని ఆపడానికి కట్టిన తొట్టి అది. 1896లో అక్కడి షాండ్లియర్‌కు (పైకప్పు నుంచి వేలాడే పెద్ద దీపాల గుత్తికి) కట్టిన బరువుల్లో ఒకటి తెగిపడి, కింద కూర్చున్న ఒకరి ప్రాణం పోయింది. ఈ రెండిటినీ లెరూ కథలోకి లాక్కున్నాడు. వికృతమైన ముఖాన్ని మాస్కుతో కప్పుకుని ఆ భవనం అడుగున దాక్కున్న సంగీత మేధావి ఫాంటమ్, కోరస్‌లో పాడే క్రిస్టీన్ అనే అమ్మాయికి కనబడకుండానే పాట నేర్పుతాడు. ఆమె మీద ప్రేమ పెంచుకుని, ఆమె మరొకణ్ని ప్రేమిస్తే తట్టుకోలేకపోతాడు. కథ ఇంతే.

లండన్‌లో కెన్ హిల్ అనే దర్శకుడు అప్పటికే ఈ నవలను, పాత ఒపెరా పాటలు వాడుకుంటూ, నాటకంగా వేశాడు. 1984లో దాన్ని చూసిన వెబ్బర్, మాకింటాష్ ముందు దాన్నే పెద్ద ఎత్తున వేద్దామనుకున్నారు. తర్వాత న్యూయార్క్‌లో లెరూ నవల పాత ప్రతి ఒకటి వెబ్బర్ చేతికి దొరికింది. చదివాక, ఇందులో ప్రేమకథ ఉంది, సంగీతం తానే రాయాలి అనిపించింది. 1985లో తన పల్లెటూరి ఇంటి దగ్గర, తెలిసినవాళ్ల ముందు మొదటి అంకం వేసి చూసుకున్నారు. పాటల రచయిత మాత్రం ఓ పట్టాన కుదరలేదు. రిచర్డ్ స్టిల్గో మొదలుపెట్టాడు. పేరుమోసిన అలన్ జే లెర్నర్ ఒప్పుకున్నాడు గానీ జబ్బుపడి 1986 జూన్‌లో చనిపోయాడు. చివరికి పాటలు చార్లెస్ హార్ట్ అనే పాతికేళ్ల కుర్రాడి చేతికొచ్చాయి.

దర్శకుడు హాల్ ప్రిన్స్‌కు అప్పుడు 58 ఏళ్లు. జీవితంలో మొత్తం 21 టోనీ అవార్డులు (బ్రాడ్‌వే నాటకాలకిచ్చే బహుమతులు) అందుకున్న మనిషి, ఇంకెవరికీ అన్ని రాలేదు. శారీరక వైకల్యం ఉన్నవాళ్ల ప్రేమలు, కోరికల గురించి వచ్చిన ఒక బ్రిటిష్ డాక్యుమెంటరీ ఆయన్ను కదిలించింది. ఫాంటమ్‌ను భూతంగా కాక, ప్రేమ కోసం తపించే మనిషిగా చూపాలన్న ఆలోచన అక్కణ్నుంచి బలపడింది. నాటకం చూసి బయటికొచ్చేటప్పుడు జనం జాలిపడేది హంతకుడైన ఫాంటమ్ మీదే కావడానికి కారణం ఆ చూపే.

ఆ చూపుకు రూపం ఇచ్చింది మరియా బ్యోర్న్‌సన్. తండ్రి నార్వే, తల్లి రుమేనియా, పుట్టింది పారిస్‌లో, పెరిగింది లండన్‌లో. అప్పటికి ఆమెకు నలభై కూడా లేవు. ఆమె చేసిన సెట్లు చూసి ‘ఎంత డబ్బు పోశారో’ అంటారు అందరూ. నిజానికి అక్కడున్నది చాలావరకు నల్లటి ఖాళీ. నలుపు మధ్యలో ఒక తెర, ఒక కొవ్వొత్తి, ఒక అద్దం. మిగతాది చూసేవాళ్ల కళ్లే పూరించుకుంటాయి. పడవ సీను చూడండి: వేదిక మీద చుక్క నీరు ఉండదు. పొగ నేల మీద పరుచుకుంటుంది, నేలలోంచి కొవ్వొత్తులు పైకి లేస్తాయి, వాటి మధ్యనుంచి పడవ జారుతుంది. హాల్లో ప్రతివాడికీ సరస్సు కనబడుతుంది. ముసుగుల నృత్యంలో మెట్ల నిండా జనం కిక్కిరిసి ఉంటారు. వాళ్లలో చాలామంది బొమ్మలు! మనుషులకూ బొమ్మలకూ ఒకే రకం దుస్తులు వేసి, కన్ను మోసపోయేలా నిలబెట్టింది ఆమె. ముఖం సగమే కప్పే మాస్కు కూడా ఆలోచించి తీసుకున్న నిర్ణయమే. ముఖమంతా కప్పేస్తే నటుడు పాడలేడు, ముఖంలో భావం పలకదు. పోస్టర్ మీద మాత్రం నిండు మాస్కే మిగిలిపోయింది. ఇక ప్రేక్షకుల నెత్తిమీదుగా వేదిక మీదికి దూసుకొచ్చే షాండ్లియర్, బ్రాడ్‌వేలోది, దాదాపు టన్ను బరువు.

ఇక్కడ నాకు సురభి వాళ్లు గుర్తు రాక మానరు. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన ఆ కుటుంబాల నాటకాల్లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరిపోతాయి, బాణాలు గాలిలో ఢీకొంటాయి. తాళ్లు, కప్పీలు, రంగులద్దిన తెరలు, చీకటి. ఖర్చులో పోలిక లేదు గానీ కిటుకు ఒక్కటే: ఎక్కడ వెలుతురు వేయకూడదో తెలియాలి.

గిలియన్ లిన్ బాలే నర్తకి. అరవయ్యో ఏట ఈ పని చేసింది. పందొమ్మిదో శతాబ్దపు పారిస్ బాలే అమ్మాయిలు ఎలా నిలబడేవాళ్లో, ఎలా వంగి చెప్పు ముడి కట్టుకునేవాళ్లో ఆమెకు తెలుసు. ఫాంటమ్ చేతివేళ్ల కదలికల్లోనూ ఆమె హస్తం ఉంది. 2018లో లండన్‌లోని ఒక నాటకశాలకు ఆమె పేరు పెట్టారు. రాజవంశం బయటి స్త్రీ పేరు లండన్ నాటకశాలల ప్రాంతమైన వెస్ట్ ఎండ్‌లో ఒక నాటకశాలకు పెట్టడం అదే మొదలు. కొన్ని వారాలకే, జులై 1న, ఆమె కన్నుమూసింది.

1986 అక్టోబరు 9న లండన్ హర్ మెజెస్టీస్ థియేటర్‌లో నాటకం మొదలైంది. మైకేల్ క్రాఫర్డ్ ఫాంటమ్, వెబ్బర్ అప్పటి భార్య సారా బ్రైట్‌మన్ క్రిస్టీన్. న్యూయార్క్‌కు వచ్చేటప్పటికి గొడవ. అమెరికన్ నటుల సంఘం బ్రైట్‌మన్‌ను ఒప్పుకోలేదు, ఆ వేషం అమెరికన్ నటికి ఇవ్వాలంది. ఆమె లేకపోతే నాటకమే లేదన్నాడు వెబ్బర్. తన తర్వాతి లండన్ నాటకంలో ఒక అమెరికన్ నటికి ముఖ్యపాత్ర ఇస్తానన్నాక గానీ రాజీ కుదరలేదు.

1988 టోనీల్లో దీనికి ఏడు అవార్డులు వచ్చాయి: ఉత్తమ మ్యూజికల్, దర్శకత్వం, రంగాలంకరణ, దుస్తులు, దీపాలంకరణ, నటుడు మైకేల్ క్రాఫర్డ్‌కు ఒకటి, నటి జూడీ కేకు ఒకటి. ఉత్తమ సంగీతం మాత్రం రాలేదు. అది ‘ఇన్‌టు ది వుడ్స్’ అనే మరో సంగీత నాటకానికి పోయింది. ప్రపంచమంతా పాడుకునే పాటలున్న నాటకానికి పాటలకు రాలేదు గానీ దర్శకత్వానికీ, రంగాలంకరణకూ, దుస్తులకూ, దీపాలకూ బహుమతులొచ్చాయి. అన్యాయం జరిగిందని అనను గానీ, ఈ నాటకం బలం ఎక్కడుందో ఆ జాబితా చెబుతుంది.

సుదీర్ఘంగా ఆడే నాటకానికి ఒక ప్రమాదం ఉంది. రోజుకో వెంట్రుకవాసి జారి, పదేళ్లకు వేరే నాటకం అయిపోతుంది. మన పద్యనాటకంలో దాన్ని తప్పుగా ఎంచరు. ‘వన్స్ మోర్’ అని ఈల పడితే నటుడు రాగాన్ని ఇంకో అయిదు నిమిషాలు సాగదీస్తాడు, దాన్ని చూడ్డానికే జనం వస్తారు. బ్రాడ్‌వే పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. తొలిరోజు చూసినవాడికీ పదివేలో ఆట చూసినవాడికీ ఒకే నాటకం చూపాలి. అందుకే పదిమంది పోర్షన్లు నోటికొచ్చిన ‘స్వింగ్’ నటులుంటారు, నృత్యాన్ని తూచా తప్పకుండా కొత్తవాళ్లకు నేర్పే డాన్స్ కెప్టెన్ ఉంటాడు, దర్శకుడి మాటను కాపాడే సహాయకులుంటారు. జార్జ్ లీ ఆండ్రూస్ 1988 నుంచి 2011 దాకా, రకరకాల పాత్రల్లో, 9,382 సార్లు ఇందులో నటించాడు. వాద్యబృందంలో తొలి ఆట నుంచి చివరి ఆట దాకా వాయించినవాళ్లూ ఉన్నారు. పిల్లలు పుట్టి, పెద్దవాళ్లై, ఉద్యోగాల్లో చేరేదాకా వీళ్లు రోజూ అవే స్వరాలు వాయించారు. నాటకం వయసు అంటే నాకు ఆ మనుషుల వయసే.

మార్పు రాలేదని కాదు. 2014లో నార్మ్ లూయిస్ బ్రాడ్‌వేలో తొలి నల్లజాతి ఫాంటమ్ అయ్యాడు. ఎమిలీ క్వాచూ అక్కడి తొలి నల్లజాతి క్రిస్టీన్ అయ్యేసరికి 2021 వచ్చింది. ఆఖరి రోజు క్రిస్టీన్ ఆమే. ఇంత ఆలస్యం ఎందుకైందని ఎవరైనా అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు.

సృష్టికర్తలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బ్యోర్న్‌సన్ 2002 డిసెంబరులో, లిన్ 2018లో, ప్రిన్స్ 2019 జులై 31న. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి రెండు నగరాల్లోనూ తెర దించేసింది. లండన్‌లో ఈ విరామాన్ని నిర్మాతలు మరోలా వాడుకున్నారు. 2021 జులైలో మళ్లీ తెరిచేటప్పుడు సెట్లు మార్చారు, 27 మంది వాద్యబృందాన్ని 14కు తగ్గించారు. సంగీతకారుల సంఘం అభ్యంతరం చెప్పింది. ఖర్చు తగ్గకపోతే నాటకమే బతకదన్నది నిర్మాతల మాట. కోవిడ్ తర్వాత హాళ్ల పరిస్థితి చూస్తే ఆ మాటను కొట్టిపారేయలేం. కానీ ఫిడేళ్లు తగ్గితే ఆ సంగీతం సన్నబడుతుంది. ఇరవై ఏడుగురు కలిసి ఊపిరి తీసుకుంటే వచ్చే నిండుదనం సగం మందితో రాదు.

న్యూయార్క్‌లో ఆ కోత జరగలేదు. 2021 అక్టోబరు 22న పాత సెట్లతో, 27 మందితోనే తిరిగి మొదలైంది. అదే దాన్ని ముంచింది కూడా. వారం ఖర్చు 9.5 లక్షల డాలర్ల దాకా ఉండగా, కొన్ని వారాలు వసూళ్లు దానికి చాలలేదు. పర్యాటకులు మునుపటంత రాలేదు. 2022 సెప్టెంబరులో, వచ్చే ఫిబ్రవరి 18న ఆపేస్తామని ప్రకటించారు. ఆ మాట వినగానే జనం టికెట్లకు ఎగబడ్డారు, మరో ఎనిమిది వారాలు పొడిగించాల్సి వచ్చింది. ఎప్పుడైనా చూడొచ్చులే అని ముప్పై ఏళ్లు వాయిదా వేసుకున్నవాళ్లు ఒక్కసారిగా వచ్చారు.

అప్పటినుంచి ఈ నాటకం రెండు దారుల్లో నడుస్తోంది. 2025 వేసవిలో న్యూయార్క్ 57వ వీధిలోని ఒక భవనంలో ‘మాస్కరేడ్’ పేరుతో, ప్రేక్షకులే మాస్కులు వేసుకుని గది నుంచి గదికి నడిచే కొత్త రూపం వచ్చింది. డయాన్ పౌలస్ దర్శకురాలు. మరోవైపు పర్యటన బృందాలు ఊళ్లు తిరుగుతున్నాయి. 2025 మార్చిలో ముంబయిలోని నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్‌కు వచ్చింది, హైదరాబాద్ నుంచి ఓ రాత్రి రైలు ప్రయాణం దూరంలోకి. వెబ్బర్‌కు మనతో అంతకుముందే ఒక పరిచయం ఉంది: 2002లో ఎ.ఆర్. రెహమాన్‌తో ‘బాంబే డ్రీమ్స్’ను లండన్‌లో వేయించింది ఆయనే.

ఈ నాటకం మొదటి సీను ఒక వేలంపాట. మూతపడి దుమ్ముకొట్టుకుపోయిన ఒపెరా సామాన్లు ఒక్కొక్కటే అమ్ముతుంటారు. పాత పోస్టరు, ఒక సంగీతపెట్టె. దాని మీద తాళాలు వాయించే కోతి బొమ్మ. ఆఖర్న 666వ నంబరు సరుకు, విరిగిపోయి అతికించిన షాండ్లియర్. దాని మీద కప్పిన గుడ్డ లాగగానే దీపాలు వెలిగి, ఆర్గాన్ మోగి, అది మన తలలమీదుగా పైకి లేస్తుంది. ఏప్రిల్ 16 సాయంత్రం కూడా ఆట అలాగే మొదలైంది.